మద్దిలేటి మొక్కని మొక్కు

అరవై మూడేళ్ల వయసులో మద్దిలేటి మళ్లీ పాకడం మొదలుపెట్టాడు. ఇందులో అతని తప్పు పెద్దగా లేదు. తప్పంటూ ఉంటే అంగన్‌వాడీ టీచరు రూతుది. ఆమెనూ అనడానికి లేదు, ఆమె చెప్పింది అక్షరాలా నిజం. చెప్పిన మాటను చెప్పినట్టు చేసే మనిషి ఈ కాలంలో కూడా ఒకడు మిగిలి ఉంటాడని ఆమె అనుకోలేదు, అంతే.

రాయదుర్గం బస్సు దిగి రెండు కిలోమీటర్లు మిట్ట ఎక్కితే వాళ్ల ఊరు. కాలువ నీళ్లు కణేకల్ వైపు వస్తాయి గానీ ఈ మిట్టను చూసి ఎక్కడం చేతకాక అటే పోతాయి. మద్దిలేటి తన చేలో ఆరు బోర్లు వేశాడు, ఆరూ దుమ్మే కక్కాయి. అప్పటినుంచీ ఊరు అతన్ని ఆరు బోర్ల మద్దిలేటి అంటుంది. ఆ పేరంటే అతనికి గిట్టదు. ఎందుకు గిట్టదో ఊరు ఒకటి అనుకుంటుంది, అసలు కారణం వేరు. అది తర్వాత చెబుతాను.

కోడలు అరుణజ్యోతి కాన్పుకు ముందు రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే యూనిట్లో పనిచేసేది. ఇప్పుడు కూతురు గౌతమికి పద్నాలుగు నెలలు. సోమవారం నుంచి పనిలోకి రమ్మని యూనిట్ వాళ్లు కబురు పెట్టారు. కొడుకు శశికుమార్ వరికోత మిషను నడుపుతాడు. వరి ఎక్కడ పండితే అక్కడుంటాడు, అందువల్ల సొంత ఊళ్లో కనబడడు. మద్దిలేటి భార్య కదిరమ్మ పోయి రెండేళ్లయింది. పగలంతా పాపను చూసుకోవడానికి ఇంట్లో మిగిలింది మద్దిలేటి ఒక్కడే.

అతని మీద అరుణజ్యోతికి నమ్మకం లేదు. లేకపోవడానికి కారణం ఉంది. నెల కిందట ఆమె నీళ్ల ట్యాంకరు దగ్గర బిందెలు నింపుకుని వచ్చేలోపు గౌతమి ఒక వేరుశనగ గింజను ముక్కులో దోపుకుంది. రాయదుర్గంలో డాక్టరు దాన్ని సన్నటి పట్టకారుతో తీసి మద్దిలేటి అరచేతిలో పెట్టాడు. ఇందులో ఘోరమేమిటంటే, ఆ సమయానికి మద్దిలేటి పాపను చూస్తూనే ఉన్నాడు. ముక్కు గోక్కుంటోంది అనుకున్నాడు.

ఆదివారం సాయంత్రంలోగా ఈ ఇల్లు పాపకు భయం లేని ఇల్లు అని తనకు అనిపించాలని అరుణజ్యోతి గడువు పెట్టింది. అనిపించకపోతే పాపను నల్లమాడలో తన తల్లి దగ్గర వదిలేస్తుంది. నల్లమాడ అంటే మూడు బస్సులు మారాలి. మద్దిలేటి ఆ మాట విన్నాక అన్నం దగ్గర కూర్చుని లేచిపోయాడు. కదిరమ్మ పోయాక ఆ ఇంట్లో గోడ గడియారం తప్ప ఇంకేదీ చప్పుడు చేయని రోజులు అతనికి బాగా గుర్తున్నాయి. పాప పుట్టాకే ఆ ఇల్లు మళ్లీ ఇల్లయింది. పాప వెళ్లిపోతే తాను బతకలేననే అనుకున్నాడు, అందులో అతిశయోక్తి ఏమీ లేదు.

గురువారం పొద్దున్నే అంగన్‌వాడీకి వెళ్లి, రూతు టీచరు ముందు పలకా బలపం తెచ్చుకున్న పిల్లవాడిలా కూర్చున్నాడు. రూతు చాలా సంగతులు చెప్పింది. పాప గరిటెను పదిసార్లు కింద పడేస్తే అది అల్లరి కాదట, కింద పడేవి ఎటు పోతాయో, ఎలా మోగుతాయో నేర్చుకుంటోందట. తీసి ఇవ్వడమే పెద్దవాళ్ల పనట. మంచం కోడుకు గుడ్డతో కట్టేస్తే పిల్ల భద్రంగా ఉంటుంది గానీ పెరగదట. తిరగనివ్వాలి, తిరిగే చోటును ముందే సరిచేయాలి. ఈ వయసులో కనపడిందల్లా నోట్లో పెట్టుకుంటారు కాబట్టి నోట్లో పట్టేదేదీ నేల మీద ఉండకూడదు.

"నిలబడి చూస్తే నీకు కనపడేది నీ ఇల్లు తాతా. పాప ఇల్లు చూడాలంటే పాప ఎత్తుకు దిగాల. కనపడిందంతా రాసుకో," అని చెప్పి ఒక నోటు పుస్తకం చేతికిచ్చింది.

మద్దిలేటి దిగాడు. శుక్రవారం పొద్దున పంచె ఎగగట్టి, పెన్సిలు చెవి మీద పెట్టి, మోకాళ్ల మీద గడప దాటాడు. అరవై ఏళ్లుగా తనదనుకున్న ఇల్లు తనది కాదని అర్థమైంది. కరెంటు బోర్డు సరిగ్గా పాప వేలికి అందే ఎత్తులో నోరు తెరుచుకుని ఉంది. మంచం కింద మందు కలిపిన విత్తనాల సంచి గులాబీ రంగులో మిఠాయిలా మెరుస్తోంది. నీళ్ల బకెట్టు అంచు పాప గడ్డం దాకా వస్తుంది, అంటే తల ముందుకు వాలితే కాళ్లు లేస్తాయి. ఆ మాట కింద రెండు గీతలు గీశాడు. దేన్ని చూసినా నోట్లో పడుతుందా లేదా అన్న అనుమానం వచ్చేది. అనుమానం తీర్చుకోవడానికి అతనికి తోచింది ఒకటే దారి, తానే నోట్లో పెట్టుకుని చూశాడు. మధ్యాహ్నానికల్లా బ్యాటరీ సెల్లు మూత, బలపం ముక్క, చొక్కా బొత్తాం, పేరు తెలియని ఒక నల్లటి వస్తువు రుచి చూశాడు.

గౌతమికి మాత్రం పండగలా ఉంది. ఇన్నాళ్లూ ఆమెకు తాత అంటే రెండు మోకాళ్లు. ఇప్పుడు ముఖం కూడా వచ్చింది. తాత వెనకాలే పాకుతూ, అతను పక్కన పెట్టిన ప్రతి వస్తువునూ తిరిగి యథాస్థానంలో పెట్టింది.

సాయంత్రం అరుణజ్యోతి నోటు పుస్తకం తెరిచి పందొమ్మిది అపాయాలూ వేలు పెట్టి చదివింది. చివరి గీత దాటి ఖాళీ పేజీ కూడా తిప్పి చూసింది.

"ఇంతేనా మామా?" అంది.

"ఇంటి బయట రేపు చూస్తా," అన్నాడు మద్దిలేటి. ఆమె పుస్తకం మూసి ఇచ్చింది.

శనివారం అతను వాకిట్లో పాకాడు. అసలు గొడవంతా అక్కడే మొదలైంది. ఎదురింటి చౌడమ్మ పళ్లు తోముకుంటూ బయటికొచ్చి చూసింది. ఆషాఢం వచ్చి పదిహేను రోజులైనా చినుకు లేదు. విత్తనాలు సంచుల్లో ఉన్నాయి, ఊరంతా ఆకాశం వైపు చూసి చూసి మెడలు పట్టేసి ఉంది. వాన మొక్కులకు సంబంధించి ఆ ఊళ్లో చౌడమ్మ మాటే చెల్లుతుంది. పోయినేడు రెండు కప్పలకు దగ్గరుండి పెళ్లి చేసింది. ఆ కప్పలు సుఖంగా కాపురం చేసుకుంటున్నాయి గానీ వాన మాత్రం రాలేదు. అలాంటి చౌడమ్మకు, ముసలాయన ఒకడు నాలుగు కాళ్ల మీద తన ఇంటి చుట్టూ తిరుగుతూ, మధ్యమధ్య నేల మీదిది ఏదో నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంటుంటే ఇంకేమనిపిస్తుంది?

వాన కోసమేనా అన్నా అని అడిగింది. మద్దిలేటి నోట్లో అప్పుడు చింతగింజ ఉంది. అది పాప గొంతుకు అడ్డం పడుతుందా అన్న లెక్కలో మునిగి ఉన్నాడు. కాదన్నట్టు తల ఊపి, నోటి మీద వేలు పెట్టుకుని ముందుకు పాకిపోయాడు. మౌనవ్రతం కూడా పట్టినాడు అని చౌడమ్మ చెంపలు వేసుకుంది.

గంట గడిచేసరికి చౌడమ్మ అతని వెనకాల పాకుతోంది. రెండు గంటలకు ఆమె వెనకాల పదకొండు మంది. మద్దిలేటి గింజ ఉమ్మేసి, ఇది మొక్కు కాదని, పాప కోసమని, రూతు టీచరు చెప్పిందని మొత్తుకున్నాడు.

"మొక్కుకున్నోడు చెప్పుకోడప్పా. చెప్పుకుంటే ఫలం పోతాది," అని చౌడమ్మ వెనకున్నవాళ్లకు వివరించింది. అతను ఎంత కాదంటే అంత గట్టి మొక్కు అనుకున్నారు. చివరికి రూతు టీచరే వచ్చి చెప్పబోయింది. ఆమె చర్చికి పోయే మనిషి, మన మొక్కుల సంగతి ఆమెకేం తెలుస్తుందని మర్యాదగా పక్కన కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు.

మొక్కన్నాక ఉత్త చేతులతో ఎవరొస్తారు? వచ్చినవాళ్లంతా వాకిట్లో ఏదో ఒకటి పెట్టి దండం పెట్టారు. నిమ్మకాయలు, కర్పూరం బిళ్లలు, వక్కలు, రూపాయి బిళ్లలు, గుప్పెడు గుప్పెడు వేరుశనగలు. ఒకామె తన ఇంట్లో మిగిలిన గాజుముక్కలు తెచ్చి ముగ్గు వేసింది. మద్దిలేటి ముందు పాకుతూ ఏరేవాడు, ఊరు వెనక పాకుతూ పెట్టేది. ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి ఏరిన చోట రెండింతలు ఉండేవి. నోటు పుస్తకంలో ఇరవై ఏడోది కర్పూరం, ఇరవై ఎనిమిదోది గాజుముక్కలు, ఇరవై తొమ్మిదోది చౌడమ్మ.

అరుణజ్యోతి పాపను చంకనేసుకుని గడపలో నిలబడి ఇదంతా చూసింది.

"మామా, ఇంట్లో ఉండే అపాయాలు తీసెయ్యమంటి. ఊర్లోవన్నీ తెచ్చి పెట్టమన్లా," అంది.

మద్దిలేటి తల వంచుకున్నాడు. తల ఎలాగూ వంగే ఉంది. ఆ సాయంత్రం ఆమె ముప్పై ఎనిమిదీ చదివి, మళ్లీ ఖాళీ పేజీ తిప్పి, "ఇంతేనా?" అంది. ఇంతే అన్నాడు. ఆమె అతని ముఖంలోకి కాసేపు చూసి, లోపలికి వెళ్లి, పాప బట్టలు సంచిలో సర్దడం మొదలుపెట్టింది.

ఇంతే కాదు. ఇందాక తర్వాత చెబుతానన్నది ఇదే. మద్దిలేటి చేలో ఉన్నవి ఆరు బోర్లు కావు, ఏడు. ఆరోది దుమ్ము కక్కిన రోజు కదిరమ్మ అతని చెయ్యి తన తల మీద పెట్టించుకుని, ఇంక బోరు వేయనని అతనితో అనిపించింది. ఒట్టు వేశాడు. ఏడాది తిరక్కుండానే, పెన్నహోబిలం తేరు తిరునాళ్లకు ఊరు ఊరంతా ట్రాక్టర్లెక్కి పోయిన రోజున, కడుపునొప్పి అని చెప్పి ఇంట్లో పడుకుని, బోరు బండిని పిలిపించాడు. అదీ దుమ్మే. ఊరు తిరిగొచ్చేసరికి బండి వెళ్లిపోయింది గానీ చెట్లన్నీ తెల్లగా బోరు రాతిపిండి పూసుకుని నిలబడ్డాయి. ఎంత పెద్ద సుడిగాలి వచ్చిందో మీరు చూడలేదు అని అందరికీ చెప్పాడు. అందరూ నమ్మారు. బోరు మీద ఒక బండ, దాని మీద గోనెసంచి, దాని మీద కంపచెట్టు కొమ్మలు లాగాడు. ఆ వైపు మళ్లీ వెళ్లలేదు. అతను చెప్పకముందే కదిరమ్మ పోయింది. ఆరు మూతలకూ సిమెంటు వేయించిన మనిషి ఏడోదానికి వేయించలేకపోయాడు, వేయిస్తే ఏడోది ఉందని తెలిసిపోతుంది కదా.

మోకాళ్ల మీద పాకిన రెండు రోజులూ తెలిసి కూడా పుస్తకంలో రాయకుండా దాటేసింది అదొక్కటే. చేను ఇంటి వెనకే. కానీ పాప ఇంకా నడవదు, అంత దూరం పాకదు, నడిచే లోపల ఎలాగోలా పూడ్చేద్దాం అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. చచ్చిపోయిన మనిషికి ఇచ్చిన ఒట్టు తప్పానని బతికున్న మనిషికి చెప్పడం అతని వల్ల కాలేదు.

ఆదివారం మధ్యాహ్నానికి పడమట మబ్బు పట్టింది. ఇక ఊరిని పట్టేవాళ్లు లేరు. చిన్నప్ప డప్పు తెచ్చాడు. వందమందికి తక్కువ లేకుండా మోకాళ్ల మీద ఉన్నారు. వాన కావలసింది ఇంటికా చేనుకా అని ఎవరో అడిగారు, అందరికీ నిజమే అనిపించింది. ఇంటి చుట్టూ తిరుగుతున్న వరుస వెనక్కి మళ్లి చేలోకి దిగింది. మద్దిలేటి ఆపుదామని అడ్డం పాకాడు. దేవుడు దారి చూపిస్తున్నాడని ఆ వైపే తిరిగారు.

ఆ సందడిలో అరుణజ్యోతి చేను గట్టున ఆగిన ట్యాంకరు దగ్గర బిందెల గొడవ తీర్చడానికి పాపను చంకనుంచి ఒక్క క్షణం దించింది. గౌతమి లోకాన్ని చూసింది. ఊరంతా తన ఎత్తుకు దిగి వచ్చింది. ఎక్కడ చూసినా ముఖాలే, పెద్ద మీసాలతో, ముక్కుపుడకలతో, అందరూ తనలాగే పాకుతున్నారు. అందరూ చేసే పనిలో ఇంక ఆమెకు రుచి ఏముంది? చిన్నప్ప వీపు పట్టుకుని లేచి నిలబడింది. వీపు ముందుకు కదిలిపోయింది, ఆమె నిలబడే ఉంది. తర్వాత ఒక అడుగు వేసింది. ఇంకొకటి వేసింది. వందమంది మోకాళ్ల మీద ఉన్న చేలో పద్నాలుగు నెలల పిల్ల ఒక్కతే రెండు కాళ్ల మీద, చేతులు రెండూ పైకెత్తి, నవ్వుతూ నడిచిపోతోంది.

అమ్మవారు లేచిందని చౌడమ్మ నేల మీద పడి మొక్కింది. జనం పాపకు దారి ఇచ్చారు. ఆ దారి నేరుగా బోరు మీద లాగిన కంప వైపు ఉంది.

మద్దిలేటి చూశాడు. కొమ్మలు ఎప్పుడో ఎండి విరిగి పక్కకు పడ్డాయి. గోనె చివికి, నడిమధ్యలో కిందికి కుంగి ఉంది. కుంగి ఉందంటే కింద బండ లేదని అర్థం. నేల ఎత్తులోంచి చూస్తేనే కనపడుతుంది ఆ కుంగు, నిలబడి ఉంటే ఎన్నడూ కనపడేది కాదు.

అతను లేచాడు. మూడు రోజులు మడిచిన మోకాళ్లు విప్పి పరిగెత్తాడు. లేవద్దన్నా, మొక్కు చెడుతాది అని వెనకనుంచి చౌడమ్మ అరిచింది. వాళ్ల వీపుల మీదుగా, చేతుల మీదుగా తొక్కుకుంటూ పోయి, గోనెకు నాలుగు అడుగుల ఇవతల పాపను రెండు చేతులా ఎత్తి గుండెకు అదుముకుని కూలబడ్డాడు. డప్పు ఆగిపోయింది. గౌతమి తన నడక మధ్యలో ఆపినందుకు తాత చెవి పట్టుకుని లాగింది.

పడమట మబ్బు కాసేపు తటపటాయించి, ఎప్పటిలాగే కర్ణాటక వైపు సాగిపోయింది. వందమందీ మద్దిలేటినే చూస్తున్నారు. నోటికాడి వానను చెడగొట్టినందుకు ఒకరిద్దరు మోకాళ్లు దులుపుకుంటూ లేచారు కూడా. అప్పటికి అరుణజ్యోతి పరిగెత్తుకుంటూ వచ్చింది.

"అమ్మా, ఆడ బోరుండాది. ఏడోది. మీ అత్త తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసి, మళ్లీ ఏసినా. ఆమెకు చెప్పలా. నీకూ రాసియ్యలా," అన్నాడు మద్దిలేటి. అని, పాప జుట్టులో ముఖం దాచుకున్నాడు.

చిన్నప్ప వెళ్లి కర్రతో గోనె తొలగించాడు. బండ రెండుగా పగిలి ఒక ముక్క లోపలికి పోయింది. మొక్కుకు తెచ్చిన కొబ్బరికాయ ఒకటి అందులోకి వదిలి అందరూ చెవులు రిక్కించారు. అది అడుగున తగిలిన చప్పుడు చాలాసేపటికి గానీ రాలేదు. ఆ చప్పుడు విన్నాక ఎవరికీ వాన గుర్తురాలేదు. చౌడమ్మ ఒక్కతే, సుడిగాలి అంటివి కదన్నా అని నెమ్మదిగా అంది.

ఆ సాయంత్రం లోపల ఊరంతా కలిసి ఆ బోరును రాళ్లతో పూడ్చింది. మోకాళ్ల మీద తిరిగినవాళ్లే తట్టలు ఎత్తారు. ఎవరింట్లోనో మిగిలిన అరసంచి సిమెంటు తెచ్చి చిన్నప్ప మూత పోశాడు. రూతు టీచరు నిలబడి చూసి, ఇంకో తట్ట పోయించింది.

పొద్దు గూకే వేళకు మద్దిలేటి ఇంటి నడవలో నేల మీద కూర్చుని ఉన్నాడు. సర్దిన సంచి తలుపు పక్కనే ఉంది. అరుణజ్యోతి నోటు పుస్తకం తెచ్చి, ఆ పొద్దున చేరిన మూడింటితో నలభై ఒకటైన లెక్క తర్వాత తానే నలభై రెండు అని వేసి, ఏడో బోరు అని రాసింది.

"అత్తకు తెల్సు మామా," అంది, తల ఎత్తకుండా.

మద్దిలేటికి ముందు అర్థం కాలేదు.

"తేరు నుంచి వచ్చిన రేయే తెల్సు. నీ చెవుల్లో బోరు పిండి ఉన్నెంట. సుడిగాలి చెవుల్లోకి పోతాదా అని నాతో చెప్పి నవ్వె. యాడ ఏసినావో ఆమెకూ తెల్దు. ఆయప్పే చెప్పాల, నువ్వు అడగద్దు, చెప్పినాక తిట్టద్దు అనింది. మూడు దినాలుగా ఆ పేజీ కోసమే చూస్తాండా."

కదిరమ్మ నవ్వింది అన్న మాట దగ్గరే మద్దిలేటి ఆగిపోయాడు. మూడేళ్లు ఆమె ముందు దొంగలా తిరిగాడు, మూడో ఏడు ఆమె అతని చేతుల మీదే పోయింది, అంతకాలం ఒక్కసారి కూడా ఆమె కళ్లలోకి సరిగ్గా చూడలేదు. ఆమె అంతా తెలిసి చూస్తూనే ఉండిపోయింది.

"ఇంగేమన్నా ఉండాదా మామా?" అని అడిగింది అరుణజ్యోతి.

అతను ఇల్లంతా ఒకసారి కళ్లతో వెతికాడు. తర్వాత రొంటిన చెయ్యి పెట్టి, వక్కాకులోకి వాడుకునే సున్నం డబ్బీ తీసి ఆమె ముందు పెట్టాడు. పాప కంట్లో పడితే కన్ను పోతుంది. అది తన ఒంటి మీదే ఉంది కాబట్టి మూడు రోజులుగా పాకినా కనపడలేదు. ఆమె నలభై మూడు అని రాసి, డబ్బీని ఉట్టి మీద పెట్టి, తలుపు దగ్గరి సంచిలోంచి పాప బట్టలు ఒక్కొక్కటీ తీసి మళ్లీ దండెం మీద వేసింది.

"రేపు నాకు ఏడు గంటల బస్సు. సద్ది కట్టిస్తావా?" అంది.

మద్దిలేటి కట్టిస్తానని చెప్పబోయాడు. నోరు తెరిస్తే ఏడుపొచ్చింది. ముసలాయన నోరు తెరుచుకుని చిన్నపిల్లవాడిలా ఏడుస్తుంటే గౌతమి గోడ పట్టుకుని లేచి, రెండడుగులు నడిచి వచ్చింది. తాత నోరు తెరిస్తే ఏం చేయాలో మూడు రోజులుగా చూసి నేర్చుకుని ఉంది. గుప్పిట్లోది తీసి భద్రంగా ఆ నోట్లో పెట్టింది.

మద్దిలేటి నాలుకతో తిప్పి చూశాడు. గుండ్రంగా, చల్లగా, ఇత్తడి రుచి. తీసి వెలుగులో పట్టుకున్నాడు. జీన్సు ప్యాంటు గుండీ, అరుణజ్యోతి పాత పని సంచిలోది.

"నలభై నాలుగు రాయమ్మా," అన్నాడు.